తుప్పు దాచితే ధర పెరగదు

ప్రశ్న: నా దగ్గర 1980 టయోటా ల్యాండ్ క్రూయిజర్ బీజే41 ఉంది. జపాన్ నుంచి తెప్పించుకున్నది, 2బి డీజిల్ ఇంజను. నాలుగేళ్లుగా గరాజులో కదల్లేదు. బాగుచేయించే ఓపిక లేదు, ఉన్నదున్నట్టే అమ్మేద్దామనుకుంటున్నాను. కనీసం రంగేయించి, కింద నల్ల అండర్‌కోటింగ్ కొట్టిస్తే మంచి ధర వస్తుందా? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి బండి కొనేవాడు మొదట చూసేది ఛాసిస్సే, అంటే బండి కింది ఇనుప చట్రాన్నే. దాని మీద తాజా నల్ల పూత కనిపించిందంటే కింద ఏదో దాచారనే అనుకుంటాడు, అందుకు తగ్గట్టే బేరమాడతాడు. రంగు కూడా అంతే. కొన్నవాడు ఎలాగూ గీకి తీసేస్తాడు, ఆ డబ్బు మీకు తిరిగిరాదు.

తుప్పు ఎక్కడుందో మీరే చూపించండి. వెనక స్ప్రింగులు ఛాసిస్సుకు తగిలించే హ్యాంగర్ల దగ్గర ఛాసిస్సును చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసిన చోట మొద్దుగా మోగుతుంది. వెనక చక్రాల తోరణాలు, వెనక సిల్ (వెనక తలుపు కింది గడప), మ్యాట్ల కింది ఫ్లోరు కూడా చూడాలి. గుడ్డ చుట్టిన అయస్కాంతం అతుక్కోని చోట పుట్టీ దట్టంగా ఉన్నట్టే. ప్రతి చోటా ఒక దగ్గరి ఫోటో, ఒక దూరం ఫోటో తీయండి. ఛాసిస్సు మీద చెక్కిన నంబరు, ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు) మీది ప్లేటు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి.

ధర మాత్రం ఎఫ్‌జే40 (మీ బండికి పెట్రోలు తోబుట్టువు) ధరలు చూసి పెట్టకండి. అమెరికాలో టయోటా ఈ 40 సిరీస్‌ను పెట్రోలు ఇంజనుతోనే అమ్మింది. డీజిల్ భాగాల కోసం కొన్నవాడు కెనడా, ఆస్ట్రేలియా, జపాన్ వైపు చూడాలి. డీజిలే కావాలనుకునేవాళ్లు ఉన్నారు, కానీ తక్కువమంది. తొందరపడితే నష్టపోతారు.

ప్రశ్న: ప్రకటనలో "ఇంజను పనిచేస్తుంది" అని రాయొచ్చా? ఆపిన రోజున బాగానే నడిచింది. (అదే పాఠకుడు)

జవాబు: నాలుగేళ్ల కిందటి మాట అది. పట్టేసింది (కదలకుండా బిగుసుకుపోయింది), చేత్తో తిరుగుతుంది, స్టార్టవుతుంది, నడుస్తుంది... ఈ నాలుగూ వేర్వేరు, ధరలు కూడా వేర్వేరు. తాళం తిప్పి చూడకండి, ముందు చేత్తో తిప్పి చూడండి. నాలుగు గ్లోప్లగ్గులు (చల్లని డీజిల్ ఇంజను స్టార్టవడానికి వేడినిచ్చేవి) విప్పి, ఒక్కో రంధ్రంలో చెంచా, రెండు చెంచాల ఇంజనాయిల్ వేసి ఒక రోజు వదిలేయండి. అంతకన్నా ఎక్కువ పోస్తే ప్రమాదం. ద్రవం నొక్కుకోదు కాబట్టి పిస్టను పైకొచ్చేటప్పుడు కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, గ్లోప్లగ్గులు బయటే ఉంచి, ఇంజను ముందుండే క్రాంక్ పుల్లీ నట్టుకు పొడవాటి రెంచి పెట్టి రెండు పూర్తి చుట్లు తిప్పండి. తిరిగితే వీడియో తీసి "చేత్తో తిరుగుతుంది" అని రాయండి, చాలు. పెట్రోలు ఇంజన్ల కంప్రెషన్ గేజీ దీనికి పెట్టకండి, డీజిల్ ఒత్తిడికి అది ఆగదు.

జపాన్ డీజిల్ ల్యాండ్ క్రూయిజర్లలో చాలావరకు 24 వోల్టులవి, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. స్టీరియో కోసం ఎవరైనా ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు తీశారేమో చూడండి. అలా చేస్తే ఒకటి ఎప్పుడూ అరకొరగా, రెండోది అతిగా ఛార్జయి రెండూ పాడవుతాయి. వైరింగ్ ఎవరు ఎక్కడ కోశారో తెలిస్తే రాయండి.

విప్పి పక్కన పెట్టిన వెనక సీట్లు, పాత స్టీలు చక్రాలు, జాకీ, పనిముట్లు విడిగా అమ్ముకోకండి. నూటికి తొంభైమంది చేసే తప్పు ఇదే. దొరకని చిన్న ముక్కలే కొనేవాణ్ణి ఏడిపిస్తాయి. బోల్టులు జిప్ సంచుల్లో వేసి పేరు రాయండి.

కాగితాల్లో టెక్సస్ టైటిల్‌తో (యాజమాన్య పత్రం) పాటు బండి దిగుమతి ఫారాలు హెచ్‌ఎస్-7, ఈపీఏ 3520-1, కస్టమ్స్ 7501 నకళ్లు ఇవ్వండి. జపాన్ ఛాసిస్ నంబరు పదిహేడంకెలది కాదు. ఫారం అడిగిందని ముందు సున్నాలు చేర్చకుండా ప్లేటు మీద ఉన్నట్టే రాయండి. నంబరు ప్లేట్లు తీసేసుకుని, అమ్మినట్టు టెక్సస్ మోటారు వాహనాల శాఖకు వీటీఆర్-346 ఫారం పంపండి. కొనేవాడు క్యాషియర్ చెక్కు (బ్యాంకే తన పేరున ఇచ్చే చెక్కు) ఇస్తే ఇచ్చిన బ్యాంకుకే వెళ్లి నిజమో కాదో తేల్చుకున్నాకే టైటిల్ ఇవ్వండి. లారీ వచ్చేలోపు బ్రేకు డ్రమ్ముల అడ్జస్టర్లు వదులు చేసి, టైర్లలో గాలి నింపి, నాలుగు చక్రాలూ దొర్లేలా చూడండి. దొర్లని బండికి రవాణా వాళ్లు ఎక్కువ అడుగుతారు.

ప్రశ్న: తాతగారి 1968 ల్యాండ్ రోవర్ పాకలో ఉంది. అమ్మేముందు పెట్రోలు ఇంజను తీసేసి మహీంద్రా డీజిల్ వేయించమంటున్నారు. (హైదరాబాద్)

జవాబు: వేయించకండి. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్ కిందికి వస్తుంది, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ వాడకానికి మాత్రం పనికిరాదు. మార్చిన ఇంజనుతో ఆ హోదా పోతే సేకర్తలు దగ్గరికి రారు. పాత ఇంజను పట్టేసినా సరే, అలాగే ఉంచి అమ్మండి. పాత ఆర్సీ ఎక్కడుందో ముందు వెతకండి.