వడకట్టడమా, తేర్చడమా?

సందేహం: అమెరికాలో ఉంటున్నాను. ఇంట్లోనే తేనెతో మీడ్, ఆపిల్ రసంతో సైడర్, ద్రాక్షతో వైన్ చేసుకుంటాం. పులిసిన తర్వాత బెంటొనైట్ అనే మన్ను లాంటివి వేసి మసక పోగొట్టడాన్ని ఇక్కడ ఫైనింగ్ అంటారు. ఈ పద్ధతిని తెలుగులో రాస్తూ 'వడకట్టడం' అన్నాను. 'శుద్ధి చేయడం' అనాలని ఒక మిత్రుడి వాదన. ఏది సరైనది?

సమాధానం: రెండూ సరిపోవు. మీకు కావలసిన మాట 'తేర్చడం'.

వడకట్టడమంటే గుడ్డో జల్లెడో అడ్డం పెట్టి నలకల్ని ఆపడం. ఫైనింగ్‌లో అడ్డం పెట్టేదేమీ లేదు. రసంలోకే ఒక పదార్థాన్ని వేస్తారు. గుడ్డకు చిక్కనంత సన్నని నలుసుల్ని అది పట్టుకుని, బరువెక్కి అడుగుకు దిగిపోతుంది. పైన తేట నిలుస్తుంది. ఇక 'శుద్ధి' మరీ విశాలమైన మాట. నీళ్లలో క్రిములను చంపినా శుద్ధే, బంగారానికి పుటం పెట్టినా శుద్ధే, పురుడు వెళ్లాక ఇల్లు కడిగినా శుద్ధే. ఇక్కడ జరిగే పనేమిటో ఆ మాట చెప్పదు. పైగా వైన్ మసకగా ఉన్నంత మాత్రాన అశుద్ధమైపోదు.

తేరు అంటే కలక పోయి తేటపడటం. మజ్జిగ మీది తేట, సున్నపు తేట అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం. దుఃఖం నుంచి తేరుకోవడం, సేదతేరడం, తేరిపార చూడటం కూడా ఈ మాట చుట్టూ ఉన్నవే. పాత నిఘంటువుల్లో ఇది బండి 'ఱ'తో 'తేఱు' అని కనిపిస్తుంది. రథమనే అర్థమున్న 'తేరు' వేరు. తమిళంలో దీని తోబుట్టువు నుంచి పుట్టిన 'తేఱల్' అన్న మాటకు సంగకాలపు కవిత్వంలో తేటపడిన కల్లు అని అర్థం. అంటే మీరు చేస్తున్న పనికి మన భాషల కుటుంబంలో ఏనాడో మాట ఉంది. ఆ వారసత్వాన్ని వదిలి సంస్కృత సమాసాలు అల్లుకోవలసిన అగత్యం లేదు.

ఆ పని కూడా మనవాళ్లకు కొత్త కాదు. ఏటికి వరదొచ్చి నీళ్లు ఎర్రగా మారిన రోజుల్లో చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారు. మట్టి అడుగుకు దిగేది. ఈ గింజనే ఇండుపగింజ అంటారు, సంస్కృతంలో కతకం. ఇండుపకాయ నీటిని తేర్చేదే అయినా దాని పేరెత్తినంత మాత్రాన నీళ్లు తేరవని మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఉంది. అక్కడ వాడిన మాట 'అంబుప్రసాదకం', నీటిని ప్రసన్నం చేసేది అని.

తేరు, తేర్చు అన్న జంటలో మీకు మరో సౌకర్యం ఉంది. మీడ్‌ను కదపకుండా కొన్ని నెలలు ఉంచితే చాలాసార్లు తనంతట తానే తేటపడుతుంది. అప్పుడు 'మీడ్ తేరింది' అనండి. బెంటొనైట్ వేసి ఆ పని త్వరగా జరిపిస్తే 'మీడ్‌ను తేర్చాం' అనండి. 'తీర్చాం' అని మాత్రం రాయకండి, అది వేరే క్రియ.

వేసే సరుకును 'తేర్పు మందు' అనాలని మొదట తోస్తుంది. కానీ వాడుకలో మందంటే మద్యమే కాబట్టి, ఈ సందర్భంలో చదివేవాళ్లు తికమకపడతారు. 'తేర్పు పదార్థం' అంటే సరిపోతుంది. బెంటొనైట్‌ను 'తేర్పు మన్ను' అన్నా బాగుంటుంది, ఎందుకంటే అది నిజంగా మన్నే. వేణ్ణీళ్లలో నానితే ఉబ్బుతుంది. దానిది రుణావేశం, వైన్‌లో మసకకు కారణమైన ప్రోటీన్లది ధనావేశం. రెండూ అతుక్కుని దిగిపోతాయి. జెలటిన్, గుడ్డు తెల్లసొన పట్టుకునేది ప్రధానంగా వగరునిచ్చే టానిన్లను. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో 225 లీటర్ల పీపాకు ఐదారు తెల్లసొనలు గిలకొట్టి కలపడం పాత ఆచారం. ఐసింగ్లాస్ చేప గాలితిత్తి నుంచి తీసేది, కైటోసాన్ సాధారణంగా రొయ్యల, పీతల పెంకుల నుంచి వచ్చేది. మీ రాతను శాకాహారులూ చదువుతారు కనుక 'తేర్పు పదార్థం' అని ఊరుకోక, ఏది వేశారో పేరుతో సహా రాయండి.

అడుగున దిగినదానికి 'మడ్డి' అన్న మాట ఉండనే ఉంది. తెలుగు బైబిలులో యెషయా 25వ అధ్యాయం 'మడ్డిమీది నిర్మలమైన ద్రాక్షారసము' అంటుంది. మడ్డి కదలకుండా పై రసాన్ని సన్న గొట్టంతో వేరే సీసాలోకి లాగడాన్ని 'తేట తీయడం' అనవచ్చు. వైన్‌కు, సైడర్‌కు 'సారా' వాడకండి. సారా బట్టీ పెట్టి కాచేది, ఇవి పులియబెట్టేవి.

సైడర్ విషయంలో ఒకచోట 'తేర్చడం' కూడా పనికిరాదు. ఆపిల్‌లోని పెక్టిన్ అనే జిగురు పదార్థం వల్ల పట్టే మసక బెంటొనైట్‌కు లొంగదు. దానికి పెక్టినేజ్ ఎంజైమ్ కలుపుతారు. అది నలుసుల్ని పట్టి కిందికి దించదు, పెక్టిన్‌ను ముక్కలు చేస్తుంది. అక్కడ 'పెక్టిన్‌ను విడగొట్టడం' అని రాయండి. ఆ తర్వాత సైడర్ తనంతట తాను తేరితే 'తేరింది' అనే అనండి.