నురగ గురించి రాసే తమ్మునికి

తమ్మీ,

వ్యాసం చదివాను. "ఆమ్లం కలిపితే నీటి ఉపరితలం మీద సబ్బు అధిశోషణ తగ్గుతుంది" అని మొదటి పేరాలోనే తేల్చేశావు (అధిశోషణ అంటే సబ్బు అణువులు ఉపరితలం మీదకి చేరి నిలబడడం). ఏ సబ్బు? ఎంత పీహెచ్ (ఆమ్లం, క్షారం కొలత; ఆమ్లం పెరిగితే అంకె తగ్గుతుంది) దగ్గర? ఈ రెండూ లేకుండా "తగ్గుతుంది" అంటే చదివేవాడి చేతికి ఏమీ రాదు.

ముందు ఒకసారి చేసి చూడు. నకిరేకల్‌లో నిమ్మకాయలకు మార్కెట్టే ఉంది, నీకు కరువేం లేదు. నూనెతో చేసిన మామూలు సబ్బు (డిటర్జెంట్ బార్ వద్దు) తురిమి గోరువెచ్చని నీళ్లలో కరిగించి, సీసాలో పోసి గిలక్కొట్టు. నురగ నిలబడ్డాక నిమ్మరసం చుక్కచుక్కగా పిండుతూ పో. కాసేపటికి నురగ కూలిపోతుంది, నీళ్లు తెల్లబడతాయి, పైన జిడ్డుగా తెట్టు కడుతుంది. అదే నిమ్మరసం షాంపూ నీళ్లలో పిండితే నురగ పెద్దగా చెదరదు, ఎందుకంటే షాంపూల్లో ఎక్కువగా వాడే సల్ఫేట్ రకం తల (అణువులో నీళ్లను ఇష్టపడే కొస; నూనె లాంటి రెండో కొస తోక) అంత పులుపులో కూడా విద్యుదావేశాన్ని వదులుకోదు.

సబ్బుది కార్బాక్సిలేట్ తల. క్షార నీటిలో దానికి రుణావేశం ఉంటుంది, అందుకే తలలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉపరితలం మీద ఎడంగా నిలబడతాయి. కాస్త ఆమ్లం తగిలితే కొన్ని తలలు హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుని ఆవేశం పోగొట్టుకుంటాయి, అప్పుడు ఆవేశం ఉన్నవీ లేనివీ కలిసి దగ్గరగా సర్దుకుంటాయి. అంటే అధిశోషణ ముందు పెరుగుతుంది, తలతన్యత (నీటి ఉపరితలం బిగువు) ఇంకా పడిపోతుంది! ఆమ్లం మరీ ఎక్కువైతేనే సబ్బు కరగని కొవ్వు ఆమ్లంగా మారి విడిపోతుంది, సీసాలో చూసిన తెట్టు అదే. నువ్వు ఈ చివరి అంకం మాత్రమే రాశావు.

ఇంకోటి. పుస్తకంలో కొవ్వు ఆమ్లం పీకేఏ (సగం తలలు హైడ్రోజన్ అయాన్‌ను వదిలేసి ఉండే పీహెచ్) 5 దగ్గర అని చూసి అలాగే దించేశావు. ఉపరితలం దగ్గర లెక్క వేరు. రుణావేశపు తలలు హైడ్రోజన్ అయాన్లను తమవైపు లాక్కుంటాయి కాబట్టి ఆ పలుచని పొరలో పీహెచ్, సీసా మధ్యలో కంటే తక్కువగా ఉంటుంది. అందుకే పొడుగు తోకల సబ్బుల్లో ఈ మార్పు బయట పీహెచ్ 8, 9 ఉండగానే మొదలవుతుంది. నన్నడిగితే వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది, దీనికి రెండు పేరాలు ఇవ్వు.

బోరు నీళ్ల పేరా తీసెయ్. అక్కడ సబ్బు నురగ రాకపోవడం కాల్షియం, మెగ్నీషియం పని, ఆమ్లానికి సంబంధం లేదు. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ తెద్దామనే ఆరాటం తెలుసు గానీ, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు సాధారణంగా క్షారం వైపే ఉంటాయి, నీ వాదనకు అవి అడ్డు సాక్ష్యం చెప్తాయి.

నురగనీ అధిశోషణనీ ఒకటే అన్నట్టు రాయకు, నురగ నిలవడానికి వేరే కారణాలూ ఉంటాయి. అమైన్ల (నత్రజని ఉన్న తల గల అణువుల) సంగతి కూడా చేర్చు, వాటికి ఆమ్లంలో ఆవేశం పోదు, వస్తుంది. ఆ పేరా సబ్బు పేరా పక్కనే పెట్టి పంపు, ఆదివారం చూస్తాను.