షియావోకె మాత్రలతో షుగర్ 58కి పడిపోతే

షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ వాడే మీ నాన్నగారికి చైనా నుంచి తెచ్చిన షియావోకె అనే షుగర్ మాత్రలు పూటకు 10 ఇస్తే చెమటలు, వణుకు, షుగర్ 58 అన్నారు. అది ఉత్త మూలికల మందు కాదండి. మూలికలతో పాటు ఒక్కో మాత్రలో 0.25 మి.గ్రా. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ తగ్గించే ఇంగ్లిషు మందు ఉంటుంది, పదింటికి 2.5 మి.గ్రా. గ్లిమెపిరైడ్‌దీ అదే జాతి, అందుకే డోసు రెట్టింపైనట్టయింది. షియావోకె ఇప్పుడే ఆపేయండి.

70 లోపుంటే 3 టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి. పెరిగాక అన్నం పెట్టండి. మగతగా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, నేరుగా ఆస్పత్రికే.

ఒకసారి పెరిగిందని నిశ్చింతగా పడుకోకండి. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం 24 గంటల దాకా ఉంటుంది, కిడ్నీలు బలహీనమైతే ఇంకా ఎక్కువ. రాత్రి కూడా లేచి చూడాల్సిందే. గ్లిమెపిరైడ్ తర్వాతి డోసు వేసేముందు ఆ షియావోకె డబ్బా డాక్టరుకు చూపించండి.