టికెట్ దొరకనంత మాత్రాన పరిహారం పోదు

మీ తమ్ముడి మరణవార్త చదివి చాలా బాధపడ్డాను. కిక్కిరిసిన జనరల్ బోగీ నుంచి జారిపడిన ఆయన జేబులో టికెట్ దొరకలేదు గనుక పరిహారం రాదని మీకెవరో చెప్పిన మాట సరికాదు. రీనా దేవి కేసులో 2018లో సుప్రీంకోర్టు, మృతుని వద్ద టికెట్ లేకపోవడం ఒక్కటే క్లెయిమును తిరస్కరించడానికి చాలదని, హక్కుదారు వాస్తవాలను అఫిడవిట్‌గా దాఖలు చేస్తే రుజువు భారం రైల్వేపైకి మారుతుందని స్పష్టం చేసింది. కాబట్టి టికెట్ కొన్నప్పుడు తోడున్న స్నేహితుడి చేత కూడా అఫిడవిట్ ఇప్పించండి. నా దృష్టిలో మీ కేసుకు అదే ఆయువుపట్టు.

రైల్వే చట్టం 124ఎ సెక్షన్ కింద రైలు నుంచి ప్రమాదవశాత్తు పడిపోయిన ప్రయాణికుడి విషయంలో రైల్వే తప్పును నిరూపించనక్కరలేదు. ఆత్మహత్య, మద్యం మత్తు, సొంత నేరచర్య వంటివి మాత్రం మినహాయింపులు. మరణానికి పరిహారం 8 లక్షల రూపాయలు. ఆయన అవివాహితుడు కనుక దరఖాస్తు మీ పేరుతో కాక మీ తల్లిదండ్రుల పేరుతో వేయాలి. పంచనామా, పోస్టుమార్టం నివేదిక, రైల్వే పోలీసుల ఎఫ్‌ఐఆర్ నకళ్లు జతచేసి, ప్రమాదం జరిగిన ఏడాదిలోపు సికింద్రాబాద్‌లోని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దాఖలు చేయించండి. మీకు ఇప్పటికే ఎనిమిది నెలలు గడిచాయి, దయచేసి ఇక ఆలస్యం చేయవద్దు.