ఏమీ మార్చకపోయినా మళ్లీ కంపైల్!

ప్రశ్న: మా పైథాన్ స్క్రిప్టు ఎక్స్ఎంఎల్ ఫైలు చదివి సి ప్లస్ ప్లస్ హెడర్ (మిగతా కోడ్ ఫైళ్లు ఇంక్లూడ్ చేసుకునే ఫైలు) తయారుచేస్తుంది. బిల్డ్ నడపడానికి వాడే సీమేక్ (CMake)లో ఆ స్క్రిప్టును కస్టమ్ టార్గెట్‌గా (add_custom_target, మనం సొంతంగా చేర్చే బిల్డ్ పని) పెట్టాం. ప్రతి బిల్డ్‌కూ నడిచి, సగం కోడ్ మళ్లీ కంపైల్ చేయిస్తోంది. ఎలా ఆపాలి?

జవాబు: కస్టమ్ టార్గెట్‌ను సీమేక్ ఎప్పుడూ పాతబడినట్టే లెక్కేస్తుంది, అందుకే ప్రతిసారీ నడుపుతుంది. బదులుగా యాడ్ కస్టమ్ కమాండ్ (add_custom_command) వాడండి. అందులో అవుట్‌పుట్ (OUTPUT, తయారయ్యే ఫైలు) దగ్గర హెడర్ పూర్తి పాత్, డిపెండ్స్ (DEPENDS, ఏవి మారితే మళ్లీ నడవాలో) దగ్గర ఎక్స్ఎంఎల్‌తో పాటు స్క్రిప్టు పేరూ రాయండి. చాలామంది స్క్రిప్టును వదిలేస్తారు. అప్పుడు దాన్ని దిద్దినా పాత హెడరే మిగులుతుంది. హెడర్‌ను దాన్ని వాడే టార్గెట్ (బిల్డ్ అయ్యే ప్రోగ్రామ్ లేదా లైబ్రరీ) సోర్సుల్లో కూడా చేర్చాలి. కోడ్‌లో ఇంక్లూడ్ చేశాం కదా అంటే చాలదు, ఇలా చేర్చకపోతే కమాండ్ అసలు నడవదు. అయితే హెడర్‌ను రెండు విడి టార్గెట్లలో చేర్చొద్దు: పారలల్ బిల్డ్‌లో (పనులు ఒకేసారి నడిచే బిల్డ్) రెండూ ఒకేసారి రాయబోయి ఫైలు పాడవొచ్చు.