గామా కిరణ పేలుడు చల్లారిపోయాక కూడా హబుల్ అదే చోటును మళ్లీ ఎందుకు ఫొటో తీస్తుంది?

పేలుడు సెకన్లలో అయిపోతుంది, దాని ఆఫ్టర్‌గ్లో (పేలుడు తర్వాత మిగిలే వెలుగు) కూడా కొన్ని వారాల్లో మసకబారుతుంది, మరి నెలల తర్వాత ఏమీ కనపడదని తెలిసీ అంత విలువైన టెలిస్కోప్ టైం ఎందుకు ఖర్చు చేస్తారని అడిగారు. ఆ ఏమీ కనపడని ఫొటో లేకపోతే, ముందు తీసిన ఫొటోతో గట్టిగా ఏదీ చెప్పలేం. అందుకే.

పీజీ ప్రాజెక్టులో హబుల్ ఆర్కైవ్ చిత్రాల మీదే పనిచేశాను కాబట్టి అసలు తంటా ఎక్కడుందో చెప్తాను. స్విఫ్ట్ ఉపగ్రహం పేలుడును పసిగట్టి, ఒకటి రెండు నిమిషాల్లో అటు తిరిగి, ఎక్స్‌రేలో చోటు తేల్చేస్తుంది. హబుల్‌కు అంత చురుకు లేదు. గడియారంలో నిమిషాల ముల్లు ఎంత వేగంగా తిరుగుతుందో అదీ అంతే. పైగా గురి కదలకుండా పట్టుకోవడానికి గైడ్ నక్షత్రాలు వెతకాలి, షెడ్యూలు మార్చాలి. సాధారణంగా రోజులు పడుతుంది. ఈలోగా ఆఫ్టర్‌గ్లో తగ్గిపోతూ ఉంటుంది. గడిచిన కాలం రెట్టింపైతే వెలుగు దాదాపు సగమవుతుంది, ఆ తర్వాత దశలో ఇంకా వేగంగా పడిపోతుంది. హబుల్ చూసేసరికి ఆ చుక్క వెలుగు, అది ఉన్న గెలాక్సీ వెలుగు కలగలిసిపోయి ఉంటాయి. ఏది ఎంతో తెలియాలంటే, చుక్క పూర్తిగా పోయాక అదే ఫిల్టరుతో మళ్లీ ఫొటో తీసి, మొదటి దాంట్లోంచి తీసివేయాలి.

వినడానికి తేలికే. చేసేటప్పుడు మాత్రం చుట్టుపక్కల నక్షత్రాల ఆధారంగా రెండు చిత్రాలనూ అమర్చడానికే ప్రాణం పోతుంది. పిక్సెల్‌లో పదో వంతు తేడా వచ్చినా గెలాక్సీ నడిబొడ్డున ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క నల్లగా మరక తేలుతుంది. కొత్తవాళ్లకు అదే ఆఫ్టర్‌గ్లోలా కనిపిస్తుంది! సరిగ్గా కుదిరితే గెలాక్సీ మాయమై, చుక్క ఒక్కటే మిగులుతుంది.

2013 జూన్ 3న వచ్చిన జీఆర్‌బీ 130603బి (జీఆర్‌బీ అంటే గామా కిరణ పేలుడు, అంకెలు తేదీ) సంగతే చూడండి. పేలుడు సెకనులో అయిదో వంతు కూడా లేదు. దూరం దాదాపు 400 కోట్ల కాంతి సంవత్సరాలు. సుమారు తొమ్మిది రోజుల తర్వాత హబుల్ చూస్తే పరారుణంలో ఒక చుక్క ఉంది, మామూలు కాంతిలో లేదు. జూలై 3న మళ్లీ తీస్తే పరారుణంలో కూడా లేదు. ఆ రెండో చిత్రం వల్లే మొదటి చుక్క గెలాక్సీలో భాగం కాదని తేలింది. న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టే బరువైన మూలకాలు మామూలు కాంతిని అడ్డుకుంటాయి, అందుకే ఆ వెలుగు పరారుణంలో బయటపడుతుంది. కిలోనోవా అనేది దీన్నే.

నాకు మరీ ఇష్టమైనది మాత్రం జీఆర్‌బీ 970228. మామూలు కాంతిలో ఆఫ్టర్‌గ్లో దొరికిన మొట్టమొదటి పేలుడు అది, 1997 ఫిబ్రవరిలో. చుక్క పక్కనే ఒక మసక మరక కనిపించింది. అది గెలాక్సీయా, లేక పేలుడు తాలూకు పదార్థమా అని పెద్ద వాదన నడిచింది. చుక్క జరుగుతోందని, అంటే మన పాలపుంతలోనిదేనని అన్నవాళ్లూ ఉన్నారు. సెప్టెంబరులో హబుల్ మళ్లీ చూసింది. చుక్క మొదట కనిపించిన దాంట్లో సుమారు 500వ వంతుకు పడిపోయింది, కానీ ఉన్న చోటే ఉంది. మరక మాత్రం ఏమీ తగ్గలేదు. అంటే అది గెలాక్సీయే. ఆర్నెల్లు ఆగి తీసిన చిత్రం లేకుండా ఈ మాట అనగలిగేవాళ్లు కాదు.

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ విషయంలో ఇంకో లాభం ఉంది. 2023 మార్చిలో వచ్చిన జీఆర్‌బీ 230307ఎ ను అది 29, 61 రోజుల తర్వాత చూసింది. అప్పటి వర్ణపటంలో టెల్లూరియం అనే బరువైన మూలకం జాడ దొరికింది. మొదటి రోజుల్లో ఆఫ్టర్‌గ్లో వెలుగే ఎక్కువ కాబట్టి ఇలాంటివి అందులో మునిగిపోతాయి. అది తగ్గాకే పైకి తేలతాయి.

మీరే చేసి చూడాలనుకుంటే హబుల్ ఆర్కైవ్‌లో పాత చిత్రాలన్నీ ఉచితమే. 130603బి కి రెండు తేదీల ఎఫ్160డబ్ల్యూ (పరారుణ) ఫిల్టరు ఫైళ్లు దించుకోండి. ముందు నక్షత్రాలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో చూసుకొని, ఆ తర్వాతే తీసివేత జోలికి వెళ్లండి.