మిద్దె మీద అరుస్తున్నాను, నాకు పిచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. తోతాపురి సీజన్ మొదలైతే గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, రేటు గురించి రైతుల గొడవ ఒకవైపు, లోపల మేనేజర్ కేకలు ఇంకోవైపు. రాత్రి పదింటికి ఇంటికొస్తే వంట, గిన్నెలు అన్నీ నావే. అత్తమామలు ఉన్నారు, ఎవరినీ ఒక మాట అనలేను. అందుకే మిద్దె మీదికి వెళ్లి దిండులో ముఖం పెట్టుకుని గట్టిగా అరుస్తున్నాను. కాసేపు తేలిగ్గా ఉంటుంది. మొన్న మా పాప పైకొచ్చి చూసి భయపడి ఏడ్చేసింది. నాకేమైనా పిచ్చి పడుతోందా? ఇలా అరవడం మంచిదేనా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: పిచ్చి కాదమ్మా, ముందు ఆ భయం వదిలేయండి. రోజంతా నోరు నొక్కుకుని ఉన్న మనిషి ఎక్కడో ఒకచోట గొంతు విప్పాల్సిందే, మీరు ఎవరి మీదా పడకుండా దిండును వెతుక్కున్నారు. తిరుపతి గంగ జాతరలో వేషాలు కట్టిన మగవాళ్లు నడివీధిలో బూతులు తిడితే ఎవరూ కోప్పడరు, అది మొక్కు. అలిపిరి మెట్ల మీద కాళ్లు లాగేస్తుంటే గోవిందా అని గొంతెత్తి అరుస్తాం, ఇంకో నాలుగు మెట్లు ఎక్కే ఊపు వస్తుంది. అక్కడ చెల్లిన అరుపు ఇంటి కోడలి దగ్గరికొచ్చేసరికి పిచ్చి ఎందుకవ్వాలి?

మీకు తేలిగ్గా అనిపించడం భ్రమ కాదు. అరిచినప్పుడు ఊపిరి బలంగా, పొడుగ్గా బయటికి పోతుంది, బిగబట్టిన దవడ, భుజాలు వదులవుతాయి. కానీ గుండె వేగం కూడా పెరుగుతుంది, అందుకే ఆ తేలిక ఎక్కువసేపు నిలవదు. 1970 ప్రాంతంలో అమెరికాలో ఆర్థర్ జానోవ్ అనే సైకాలజిస్ట్, చిన్ననాటి బాధను అరిచి బయటపెడితే మానసిక జబ్బులు నయమవుతాయన్నాడు, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కూడా ఆయన దగ్గరికి వెళ్లడంతో అది బాగా పాకింది. నయమవుతుందనడానికి గట్టి ఆధారం మాత్రం దొరకలేదు. కోపం సంగతి ఇంకా స్పష్టంగా తేలింది. 2024లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 154 అధ్యయనాలను, అంటే 10,000 మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూస్తే, కోపాన్ని వెళ్లగక్కితే తగ్గుతుందన్నది నిలబడలేదు. నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం, యోగా లాంటి ఒంటిని చల్లబరిచే పనులతోనే తగ్గింది.

కాబట్టి అరవాలనిపిస్తే అరవండి, కానీ మేనేజర్ ముఖాన్నో అత్తగారి మాటనో మనసులో తిప్పుకుంటూ అరవకండి, అది అగ్గిలో ఆజ్యం పోయడమే. ఒకటి రెండు అరుపులు చాలు. తర్వాత వెంటనే కిందికి దిగకుండా ఓ ఐదు నిమిషాలు కూర్చోండి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి ఆరు అంకెలదాకా వదలండి. గొంతు జాగ్రత్త, రోజూ అరిస్తే స్వరతంతువుల మీద కాయలు కాయొచ్చు, బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

పాపతో ఈ రోజే మాట్లాడండి. పెద్దవాళ్లు ఎందుకు అరుస్తున్నారో తెలియకపోతే చాలామంది పిల్లలు తప్పు తమదే అనుకుంటారు. "అమ్మకి పని ఎక్కువై విసుగొచ్చి అరిచింది, నీ మీద కోపం కాదు" అంటే చాలు, దాచొద్దు.

ఇంకొకటి. ఇంత రాశారు కానీ మీ ఆయన గురించి ఒక్క ముక్క లేదు. ఆయన ఇంట్లోనే ఉంటే సీజన్ అయ్యేదాకా రాత్రి వంట ఎవరు చేయాలో, గిన్నెలు ఎవరు తోమాలో అడగండి. పదింటిదాకా పని చేసొచ్చిన మనిషి మళ్లీ పొయ్యి ముందు నిలబడటం ఏ దిండుతోనూ తీరే కష్టం కాదు, అది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

అరవకుండా ఒక్క రోజూ గడవకపోయినా, నిద్ర పట్టకపోయినా, బతుకు మీదే విరక్తి అనిపించినా 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఇబ్బందులకు సలహా ఇచ్చే ప్రభుత్వ టెలిమానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. తిరుపతి రుయా ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. సీజన్ అయ్యాక చూద్దాంలే అని మాత్రం వాయిదా వేయకండి.